కుమ్మరి గాడిదయు, పార్సిలు లారీయు

ఒక సంఘటనకు ముందు మఱియొకటి జరిగినంతమాత్రమున ముందుదానిని వెనుకదానికి కారణమని నమ్ముట మనుష్యుని మనస్సునకు పుట్టుకతో వచ్చిన వ్యసనము. కాకి వాలినది, తాటిపండు పడినది. పండు పడుటకు కాకియే హేతువని చూచినవాడు చెప్పును. మన పెద్దలు దీనికి కాకతాళీయమని పేరుపెట్టి శతాబ్దములు గడచినవి గాని, ఆ పేరు చక్కగా తెలిసినవారు సైతము తమ పెరటిలో తాటిపండు పడిననాడు కాకినే వెదకుదురు. కారణమనగా నేమి, దానిని గుర్తించుటెట్లు, కంటికి కనబడని కారణములకు విచారణలో నెంత చోటీయవలెను అను ప్రశ్నలను న్యాయవైశేషికులు కుండను, వస్త్రమును, అగ్నిని నిదర్శనములుగా గైకొని శతాబ్దములపాటు చర్చించిరి. ఆ చర్చకు కాలము చెల్లినదని తలచువారు, దూరప్రయాణము చేసి వచ్చి, మీట నొక్కినను మేలుకొనని పాత కంప్యూటరు నొకదానిని ఎదుట పెట్టుకొని ఒక పూట కూర్చుండవలెనని నా మనవి. ఆ పూటలో తర్కసంగ్రహమునందలి సగము పారిభాషిక పదములకు పని కలుగును.

మా మేనమామగారు విశ్రాంత తెలుగు పండితులు. తర్కమునందును ప్రవేశము గలవారు. కొంతకాలము హైదరాబాదులో కుమారునియొద్ద నుండి, ఆ నగరము ఒంటికి సరిపడక రాజమహేంద్రవరమునకు తిరిగి వచ్చిరి. వారి వెనుకనే వారి కంప్యూటరును పార్సిలు లారీ నెక్కి, సుమారు 400 కిలోమీటర్లు ప్రయాణము చేసి, థర్మోకోలు ముక్కల నడుమ అట్టపెట్టెలో చేరినది. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో విడిభాగములు కొని కూర్పించిన యంత్రమది. ఇంటెల్ సంస్థ 2006లో విపణిలోనికి తెచ్చిన కోర్ 2 డ్యుయో జాతి ప్రాసెసరు, డీడీఆర్2 ర్యాము, విండోస్ 7; ఈనాటి పిల్లలు చూచి నవ్వదగిన వస్తుసంపద. అయినను దానిని వదలుకొనుటకు మామయ్యకు వీలులేదు. వారు ఏండ్ల తరబడి వ్రాసిన వ్యాఖ్యానమంతయు అను ఫాంటులతో పేజ్‌మేకరులో కూర్చబడి యందున్నది. యూనికోడు గాని ఆ లిపిని కొత్త యంత్రములో తెఱచినచో తెలుగునకు బదులు పిచ్చిగీతలు ప్రత్యక్షమగును.

మీట నొక్కిరి. పచ్చదీపము వెలిగినది, లోపలి ఫ్యాను తిరిగినది, తెర మాత్రము నల్లగానే యుండెను. వెనువెంటనే ఇంటిలో మూడు సిద్ధాంతములు బయలుదేరినవి. "అమావాస్య వెళ్ళేదాకా ఆగరా అంటే విన్నాడా వాడు? అదే రోజు బండెక్కించాడు" అని అత్తయ్య. "పార్సిలువాళ్ళు ఎత్తి పడేసుంటారండీ, వాళ్ళ సొమ్మేం పోయింది!" అని పక్కింటివారు. "నాన్నా, అది పాతబడిపోయింది, ఇక దాన్ని వదిలేయండి, కొత్త ల్యాప్‌టాప్ పంపిస్తాను" అని ఫోనులో కుమారుడు. ఒకరు అదృష్టమును, ఒకరు లారీని, ఒకరు వార్ధక్యమును కారణముగా నిలిపిరి. ముగ్గురును పెట్టె మూత తీయకుండగనే తీర్పు చెప్పిరి.

ఆంధ్రుడని ప్రసిద్ధిగన్న అన్నంభట్టు తన తర్కసంగ్రహమున కారణమునకిచ్చిన లక్షణము మిక్కిలి చిన్నది: కార్యమునకు పూర్వము నియతముగ నుండునది కారణము. ఈ లక్షణములో బరువంతయు 'నియతముగ' అను మాటమీద నున్నది. ఒకమారు ముందుండిన చాలదు, ఎల్లప్పుడును ఉండవలెను. అది యొక్కటియు చాలదని, ఆ ముందుండుట అన్యథాసిద్ధము కాకుండవలెననియు, అనగా ఆ వస్తువు లేకున్నను పని జరిగిపోవునట్టిది గాకూడదనియు తార్కికులు బిగించిరి. 17వ శతాబ్దివాడైన విశ్వనాథ పంచాననుడు భాషాపరిచ్ఛేదమున ఈ అన్యథాసిద్ధులను ఐదు తెఱగులుగా విభజించెను. కుండ పుట్టుటకు కఱ్ఱ కారణమే గాని కఱ్ఱయందలి కఱ్ఱతనము గాదు, దాని రంగు గాదు, అంతట నిండియున్న ఆకాశము గాదు. కుమ్మరి కారణము గాని కుమ్మరి తండ్రి గాదు. కట్టకడపట, మట్టిని మోసి తెచ్చిన గాడిదయు గాదు. ఆ గాడిద నిజముగ కుండకు ముందు అచ్చట నిలిచియుండెను, మట్టి దాని వీపుమీదనే వచ్చినది. అయినను ఎద్దుబండిమీద వచ్చిన మట్టితోను కుండ యగును. ఈ ఐదింటిలో గాడిదతో చెప్పిన ఐదవదే ముఖ్యమైనదని విశ్వనాథుడు తేల్చుట గమనింపదగినది. కుమ్మరి తండ్రి సంగతి వేఱు. అతడు లేనిదే కుమ్మరి లేడు, కాని కుండకు సంబంధించినంతవరకు అతని ప్రసక్తి కుమారునితోనే తీరిపోవును.

కాబట్టి కంప్యూటరు విషయమున మొదట అడుగవలసిన ప్రశ్న, లారీ ఈ రెండింటిలో నేది యని: మట్టి మోసిన గాడిదయా, కుమ్మరి తండ్రియా? పక్కింటివారు అది కుమ్మరియే యని నిశ్చయించిరి. ఇట్టివేళల తిట్టుటకొక కర్త దొరికిన చాలును. కారణము దొరకకున్నను మనస్సు శాంతించును. తిట్టినందువలన తెర వెలుగదు గనుక విచారణ మఱియొక దారిని సాగవలసినది.

ఆ దారిని చూపునది వైశేషికుల కారణవిభాగము. వస్త్రమునకు దారములు సమవాయికారణము. ఆ దారముల పరస్పరసంయోగము అసమవాయికారణము. నేతగాడు, మగ్గము మొదలగునవి నిమిత్తకారణములు. దారములలో ఒక్కటియు చెడకున్నను వాని సంయోగము విడిపోయిన క్షణమున వస్త్రము నశించునని వారి మతము. ప్రయాణముచేసి వచ్చిన యంత్రమునకు ఈ మాట యెంతగా అతుకునో దాని మూత తీసి చూచినవారికి తెలియును. ఒక్క డీడీఆర్2 ర్యాము స్టిక్కు అంచున బంగారుపూత పూసిన స్పర్శస్థానములు 240. ఆ తరపు ప్రాసెసరు సాకెట్టులో వెండ్రుకలవంటి స్ప్రింగుకొనలు 775. ఈ రెండు చోట్ల లెక్కించినను సంయోగములు వేయి దాటినవి. ఎస్‌ఎంపీఎస్ నుండి మదర్‌బోర్డునకు పోవు 24 పిన్నుల కనెక్టరు, ప్రాసెసరునకు ప్రత్యేకముగ 12 వోల్టులు మోయు చిన్న నాలుగుపిన్నుల కనెక్టరు, హార్డ్‌డిస్కునకు పోవు సాటా కేబుళ్ళు, తన బరువునకు తానే వ్రాలు గ్రాఫిక్సు కార్డు, నాలుగు ప్లాస్టికు మేకులమీద నిలిచిన హీట్‌సింకు, ఇవియన్నియు సంయోగమే ఆధారముగా బ్రతుకునవి. గుంతలరోడ్డుమీద గంటలతరబడి సాగు కంపనము వస్తువును పగులగొట్టకయే స్థానమునుండి వెండ్రుకవాసి జరుపగలదు. ద్రవ్యములన్నియు నిక్షేపముగ నున్నవి, సంయోగమొక్కటి తొలగినది, యంత్రము లేదు.

ఇట్టి సందర్భమున పలువురు వ్యాసకర్తలు మిళిందునికి నాగసేనుడు చెప్పిన రథదృష్టాంతమును తెత్తురు. దానితో ఇచ్చట పనిలేదు. చక్రములు, ఇరుసు, కాడి తీసివేయగా వేఱే రథమను వస్తువు మిగులదని ఆ భిక్షువు చూపెను. మన చిక్కు దానికి విపరీతము. చక్రములును, ఇరుసును, కాడియు సర్వమును ఎదుటనే యున్నవి, రథమే కదలకున్నది.

మఱునాటి ఉదయము దుకాణమునుండి వచ్చిన కుఱ్ఱవాడు పెట్టె ప్రక్కపలక విప్పుచునే యొక ప్రశ్న వేసెను. "మాస్టారూ, ఆన్ చేసినప్పుడు బీప్ ఏమైనా వచ్చిందా?" రాలేదని మామయ్య చెప్పిరి. కుఱ్ఱవాడు బోర్డుమీదకు వంగి టార్చి వేసి చూచి, "బీప్ రాకపోవడం కాదండీ, దీనికి స్పీకరే లేదు" అనెను.

ఆ యొక్క వాక్యము విని మామయ్య ముఖము వికసించినది. ఏలయన, అభావమును తెలిసికొనుటెట్లు అను ప్రశ్న భారతీయదర్శనములలో మిక్కిలి పదునైనది. కుమారిలభట్టు ననుసరించు మీమాంసకులు అనుపలబ్ధిని, అనగా కనబడకుండుటను, వేఱొక ప్రమాణముగనే అంగీకరించిరి. నైయాయికులు దానిని ప్రత్యక్షములోనే చేర్చిరి. ఇరువురకును సమ్మతమైన నియమ మొకటి కలదు. కనబడకుండుట మాత్రము చాలదు. వస్తువున్నచో తప్పక కనబడియుండెడి పరిస్థితిలో కనబడకుండవలెను. దీనికి యోగ్యానుపలబ్ధి యని పేరు. పట్టపగలు నేలమీద కుండ కనబడకున్న కుండ లేదనవచ్చును; చీకటిగదిలో కనబడకున్న ఏమియు చెప్పరాదు. స్పీకరు లేని పెట్టెలో బీప్ వినబడకుండుట చీకటిగదిలోని కుండవంటిది. ఆ నిశ్శబ్దము సాక్ష్యము గాదు. ఈ యుగపు క్యాబినెట్లు పెక్కింటిలో ఆ చిన్న స్పీకరు ఉండదు. ఉన్నను ఎవరును తగిలింపరు. నల్లతెరయు నట్టిదే. తెర వెలుగలేదు గనుక కంప్యూటరు బూటు కాలేదని అందఱును అనుకొందురు. మానిటరు వైరు వదులైనను, గ్రాఫిక్సు కార్డున్న పెట్టెలో వైరును పొరపాటున మదర్‌బోర్డు సాకెట్టునకు తగిలించినను, లోపల విండోస్ లేచి కూర్చున్నను తెర నల్లగానే యుండును. 'డిస్‌ప్లే రావట్లేదు' అనుట ఒకటి, 'బూటు కావట్లేదు' అనుట మఱియొకటి. కుఱ్ఱవాడు ముందు ఆ వైరును, మానిటరును తన ల్యాప్‌టాపుతో పరీక్షించి పక్కనబెట్టెను.

తరువాత చొక్కాజేబులోనుండి గోరంత స్పీకరు నొకదానిని తీసి బోర్డుమీది పిన్నులకు తగిలించి మీట నొక్కెను. దీర్ఘమైన కూత, విరామము, మరల దీర్ఘమైన కూత. మీట వేసినతోడనే యంత్రము తన్ను తాను పరీక్షించుకొనుటకు పోస్టు అని పేరు. ఎస్‌ఎంపీఎస్ తన వోల్టేజీలు నిలకడకు వచ్చినవని సంకేతమిచ్చువఱకు ప్రాసెసరును రీసెట్టులో బిగించి యుంచుట, తరువాత ప్రాసెసరు బయోసు చిప్పులోని మొదటి ఆజ్ఞను చదువుట, ర్యామును గుర్తించుట, పిదప చిత్రమును తెరకు పంపు భాగమును మేల్కొలుపుట, ఇది క్రమము. తెర వెలుగకముందే దోషము తగిలినచో చెప్పుకొనుటకు యంత్రమునకు కంఠధ్వని యొక్కటే శరణ్యము. అవార్డు అను సంస్థ బయోసులో ఒక హ్రస్వము క్షేమమునకు గుర్తు. ఒక దీర్ఘము, రెండు హ్రస్వములు వచ్చినచో దోషము గ్రాఫిక్సులో నున్నదని యర్థము. ఛందస్సు చదివినవాడు దానిని భగణమనును. మామయ్య అట్లే అనిరి. ఎడతెగని దీర్ఘములు ర్యామునకు చెందినవి. శబ్దము ప్రమాణమగుటకు వక్త ఆప్తుడు గావలెనని గౌతముడు చెప్పెను. బీపు విషయమున ఆప్తుడెవడనగా ఆ బయోసును వ్రాసినవాడు. కావుననే ఒక సంస్థ బయోసు కూతను మఱియొక సంస్థ పట్టికతో అర్థము చేసికొనరాదు.

ఇక కుఱ్ఱవాని పనితీరు. ఆతడు కరెంటు వైరు పెఱికి, ర్యాము స్టిక్కులవైపు చూచెను. ఒకదాని చివరనున్న తెల్లని క్లిప్పు నిటారుగా నుండుటకు మాఱుగా కొంచెము వెనుకకు వ్రాలి యుండెను. ఆతడు ఆ స్టిక్కును తీయలేదు, తుడువలేదు, మార్చలేదు. బొటనవ్రేలితో ఆ చివర నొక్కెను. 'టక్'మని క్లిప్పు దానంతట అది పట్టుకొనినది. మరల మీట. ఒక చిన్న కూత. ఆవెంటనే తెరమీద తెల్లని అక్షరములు. అటుపిమ్మటనే ఆతడు స్టిక్కులు రెండును తీసి, వాని అంచులను పెన్సిలురబ్బరుతో రుద్ది, పొడిబట్టతో తుడిచి పెట్టెను. ఈ క్రమమునందే ఆతని పాండిత్యమున్నది. మొదటనే తీసి, రుద్ది, స్థానము మార్చి పెట్టినచో యంత్రము లేచియుండెడిదే గాని దోషము మురికిలో నున్నదో, వదులులో నున్నదో ఎన్నటికిని తెలియకపోవును. ఉన్నచో ఉండుట అన్వయము, లేనిచో లేకుండుట వ్యతిరేకము. ఈ రెండును ఒక్క వస్తువును మాత్రమే మార్చి చూచినపుడే పలుకును. రెండింటిని ఒక్కమారు కదపినవానికి ఫలము దక్కును, జ్ఞానము దక్కదు. దోషమింత సులభముగ దొరకనిచోట ఈ కుఱ్ఱవాండ్రు ప్రాసెసరు, ఒక్క ర్యాము స్టిక్కు, ఎస్‌ఎంపీఎస్ తప్ప తక్కినవన్నియు ఊడదీసి, అది లేచిన పిదప ఒక్కొక్కటియే చేర్చుకొనుచు పోవుదురు. వాత్స్యాయనుడు న్యాయభాష్యమున శేషవదనుమానమునకు చెప్పిన అర్థములలో పరిశేషమొకటి; సంభవించు పక్షముల నొక్కొక్కటిగ తొలగించి మిగిలినదానిని గ్రహించుట. గ్రంథమును చూడనివారు ఆ పద్ధతినే ఇంత నిష్ఠతో పాటించుట నాకు గ్రంథముమీద గౌరవమును హెచ్చించినది.

సంయోగము చెడిన యంత్రమును కదపి బాగుచేయుట కొత్త సంగతి గాదు. 1980లో వచ్చిన యాపిల్ 3 అను కంప్యూటరులో చిప్పులు వేడికి సాకెట్టులనుండి పైకి జరుగుచుండగా, దానిని కొన్ని యంగుళములు ఎత్తి బల్లమీద వదలుమని ఆ సంస్థయే సలహా యిచ్చినట్లు కంప్యూటరు చరిత్రలలో ప్రసిద్ధము. కంపనము ఒకచోట రోగము, ఒకచోట చికిత్స.

కథ అంతతో ముగియలేదు. తెరమీద వచ్చిన అక్షరములు సీమాస్ చెక్‌సమ్ తప్పినదని, సహజనియమములు మరల పెట్టితిననియు తెలిపినవి. గడియారము ఎన్నడో బోర్డు తయారైన కాలమునకు పోయినది. ముందునకు సాగనీయగా విండోస్ గుర్తు తళుక్కుమని, నీలితెర మెఱసి, పెట్టె మరల మొదటికి వచ్చినది. అట్లే మరల, మరల. బోర్డుమీద రూపాయి బిళ్ళంత 3 వోల్టుల సెల్లొకటి యుండును. సీఆర్2032 అని దానిమీద వ్రాసియుండును. గడియారమును, బయోసు నియమములను నిలుపుట దాని పని. కాని గోడప్లగ్గులో వైరున్నంతకాలము ఎస్‌ఎంపీఎస్ ఇచ్చు స్టాండుబై కరెంటే ఆ పనిని మోయును. సెల్లునకు శ్రమ లేదు. ఏండ్లుగా ప్లగ్గులోనే యుండుటచే ఆ సెల్లు వట్టిపోయిన సంగతి ఎవరికిని తెలియలేదు. మూటగట్టుటకై వైరు పెఱికినపుడు భారము దానిమీద పడినది, అది మోయలేకపోయినది. నియమములు మాసిపోగా హార్డ్‌డిస్కును పలకరించు తీరు ఏహెచ్‌సీఐ నుండి పాత ఐడీఈకి మాఱినది. ఏహెచ్‌సీఐతో స్థాపితమైన విండోస్ 7 ఆ మార్పును సహింపక నీలితెర వేసినది. కుఱ్ఱవాడు సెల్లు మార్చి, ఆ యొక్క నియమమును తిరిగి పెట్టగా వ్యాఖ్యానము తెఱచుకొనినది.

ఒక్క పెట్టెలో దోషములు రెండు. ర్యాము దోషమునకు లారీ సంబంధమున్నది. అది కుదిపినది, కుదుపువలన స్టిక్కు కదలినది, సంయోగము విడినది. సెల్లు దోషమునకు లారీ వట్టి గాడిద; పెట్టెను వైరు పెఱికి హైదరాబాదులోనే అటకమీద పెట్టియుంచినను ఫలమదియే. ఒకే లారీ, ఒకే రాత్రి, ఒకే పెట్టె. ఒక దోషమునకు కుమ్మరి తండ్రి, ఒక దోషమునకు కుమ్మరి గాడిద. లారీకి ముందు యంత్రము నడచెను, లారీకి తరువాత నడవదాయెను అను జ్ఞానము ఈ రెండింటిని వేఱుచేయజాలదు. మూత తీసిన పిమ్మటనే ఆ భేదము తెలిసినది.

ఇచ్చట మామయ్య ఊరకుండలేదు. "లారీని కుమ్మరి తండ్రి అంటావేమిట్రా? వ్యాపారం వల్ల వ్యాపారి అన్యథాసిద్ధుడు కాడు కదా. గొడ్డలి వేటు ద్వారా చెట్టును నరికితే గొడ్డలి కారణం కాకుండా పోతుందా? కుదుపు లారీకి వ్యాపారం" అని ఆక్షేపించిరి. ఆక్షేపము బలమైనది. ఆ పక్షమున లారీ ర్యాము దోషమునకు నిమిత్తకారణమే యగును. నేను దానిని త్రోసిపుచ్చజాలను. కాని నిమిత్తకారణమును శిక్షించినను, క్షమించినను, క్లిప్పు దానంతట అది పడదు. చికిత్స కావలసినవాడు సంయోగమును వెదకవలెను. నష్టపరిహారము కావలసినవాడు నిమిత్తమును వెదకవచ్చును. రెండును న్యాయమైన ప్రశ్నలే గాని ఒకదాని సమాధానము రెండవదానికి పనికిరాదు.

ఇక కంటికి కనబడని కారణముల ప్రసక్తి. మొదట శక్తివాదమును గూర్చి యొకమాట. చంద్రకాంతాది మణి సమీపమున నుండగా అగ్ని దహింపదని, మణిని తొలగింపగా దహించునని పూర్వులు ఒక దృష్టాంతమును చెప్పుకొనిరి. మీమాంసకులు దానినిబట్టి అగ్నియందు శక్తి యను వేఱొక పదార్థమున్నదనియు, మణి దానిని అడ్డగించుననియు వాదించిరి. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో దానిని ఖండించి, ప్రతిబంధకము లేకుండుట సైతము కారణసామగ్రిలో నొకటి యని చెప్పిన చాలునని, కనబడని శక్తిని కల్పింపనక్కరలేదని నిరూపించెను. ఈ వాదము వట్టి మాటలపోరని తలచువాడు, మదర్‌బోర్డు వెనుక స్క్రూ జాఱిపడిన పెట్టెను చూడవలెను. మీట నొక్కగనే ఫ్యాను ఒక్కమారు అదరి ఆగిపోవును; ఎస్‌ఎంపీఎస్ షార్టును పసిగట్టి తన్ను తాను మూసికొనును. ఇంటివారు దానిలో శక్తి పోయినదందురు. స్క్రూను చిమటాతో తీయగానే యథాపూర్వము నడచును. పోయినదేమియు లేదు, ఉండరానిది యొకటి యుండినది. నేను ఈ విషయమున ఉదయనుని పక్షమువాడను.

ఇక అత్తయ్య సిద్ధాంతము. దానిని నవ్వి త్రోసివేయుట సులభము, అందుచేతనే తగదు. అదృష్టమును కారణముగా చెప్పుట మన శాస్త్రములకు కొత్త గాదు. అయస్కాంతమువైపు సూది కదలుటకు అదృష్టమే హేతువని కణాదుడు వైశేషికసూత్రములలో చెప్పియున్నాడు. ఈనాడు ఆ అయస్కాంతధర్మముమీదనే హార్డ్‌డిస్కులోని ప్రత్యక్షరము నిలిచియున్నది. మామయ్య వ్యాఖ్యానమంతయు ఆ అదృష్టముతోనే వ్రాయబడియున్నదని ఒకరు పరిహాసమాడవచ్చును. కాలక్రమమున అదృష్టము ఏలిన సీమలు దృష్టమునకు వశమగుచు వచ్చినవి. దృష్టకారణము సంభవించుచుండగా అదృష్టమును కల్పించుట అన్యాయ్యమని చెప్పినవారు నాస్తికులు గారు. యజ్ఞములయందు, వేదమునందు అచంచలవిశ్వాసముగల మీమాంసకులు.

అంతకంటె లోతైన సమాధానము నైయాయికులయొద్ద నున్నది. ఈశ్వరుడు, ఆయన జ్ఞానేచ్ఛాకృతులు, దిక్కు, కాలము, ప్రాగభావము, జీవుల అదృష్టము, ఇవి ప్రతి కార్యమునకును సాధారణకారణములని వారి పరిగణన. కుండ పుట్టుటకును, పగులుటకును, వర్షము కురియుటకును, కురియకుండుటకును ఇవి సమానముగ వెనుకనుండును. ఈశ్వరుని నిరూపించుటకే న్యాయకుసుమాంజలి వ్రాసిన ఉదయనుడు, పరమాస్తికుడయ్యును, మణిని తొలగింపక అగ్ని దహించునని ఎన్నడును చెప్పలేదు. ఏలయన, అన్నిటికిని కారణమైనది ఒకదానికి ప్రత్యేకముగ కారణము కాజాలదు; ర్యామునకును సెల్లునకును నడుమ ఏది చెడినదని అడుగగా, రెండింటి వెనుకను సమముగ నున్న ఈశ్వరుని పేరు చెప్పుట ప్రశ్నకు సమాధానము గాదు. అది అసత్యమును గాదు. భక్తుడు తన విశ్వాసములో నలుసంతయు కోల్పోకుండగ స్క్రూడ్రైవరు చేతబట్టవచ్చును. అమావాస్యను నమ్మువారికి నేనడుగునది యొక్కటే: అదే లారీలో, అదే తిథినాడు వచ్చిన తక్కిన సామానంతయు ఏల చెక్కుచెదరలేదు? తిథి సర్వసాధారణము, క్లిప్పు అసాధారణము.

ఆ కుఱ్ఱవాని దుకాణములో దసరాకు మల్టీమీటరునకు, టంకపుకడ్డీకి పసుపుకుంకుమలు పెట్టి, నిమ్మకాయ కోసి, ఆయుధపూజ చేయుదురు. మఱునాడు అదే మల్టీమీటరుతో 12 వోల్టుల తీగెలో ఎంత వచ్చుచున్నదో కొలుతురు. నిమ్మకాయను కొలతలో చేర్చరు. సాధారణ, అసాధారణకారణముల విభజనను ఇంతకంటె చక్కగ ఆచరణలో చూపిన వేదాంతిని నేను చూడలేదు.

మిగిలినది కుమారుని వార్ధక్యవాదము. ఈ పెట్టె విషయమున అది తప్పైనను, అన్నిచోట్ల తప్పు గాదు. సంయోగమునకు మందున్నది, ద్రవ్యనాశమునకు లేదు. మదర్‌బోర్డుమీది కెపాసిటర్లు తల ఉబ్బి, గోధుమరంగు ద్రవము కార్చుచున్నచో, హార్డ్‌డిస్కు లోపల టిక్కుటిక్కుమని చేతులు కొట్టుకొనుచున్నచో, అచ్చట సమవాయికారణమే శిథిలమైనది. ఎన్నిమార్లు ఊడదీసి పెట్టినను ప్రయోజనముండదు. కుమారుని దోషము ముగింపునందు లేదు, విచారణకు ముందే ముగించుటయందున్నది.

కావున చదువరులకు విన్నపము. పాత పెట్టెను దూరము పంపవలసివచ్చినచో గ్రాఫిక్సు కార్డును, బరువైన హీట్‌సింకును విప్పి వేఱుగ కట్టుడు. బయోసు నియమములు కనబడు తెరలను ముందుగనే ఫోనుతో ఫోటో తీసి పెట్టుకొనుడు. హార్డ్‌డిస్కులోని వ్రాతలకు నకలు తీసి చేతిసంచిలో తెచ్చుకొనుడు. పెట్టె అందిన వెంటనే మీట నొక్కకుడు. వానకాలమైనచో లోపలి చెమ్మ ఆఱువఱకు కొన్ని గంటలు గదిలో ఉంచి, ప్రక్కపలక విప్పి, ప్రతి క్లిప్పును, కనెక్టరును వ్రేలితో నొక్కి, పెట్టెను మెల్లగ వంచి లోపల ఏదైనను దొరలుచున్నదేమో వినుడు. అమెరికానుండి వచ్చిన పాత పెట్టెయైనచో వెనుకనున్న ఎఱ్ఱమీట 115 మీద నున్నదేమో మఱవక చూడుడు. దానిని 230కి జరుపక మన ప్లగ్గులో పెట్టినచో ఎస్‌ఎంపీఎస్ ప్రేలును, అప్పుడు ఏ తర్కమును అక్కరకు రాదు.